ఒక్క గుండూ పేల్చకుండా పదకొండేళ్ళు

ముప్పై ఆరేళ్ళవాడు రిటైరయ్యానంటే వినేవాళ్ళకు నవ్వొస్తుంది. నాకూ వస్తుంది. అయినా వేరే మాట దొరకలేదు. పోయిన నెల నా బెంచి మీది పనిముట్లన్నీ లెక్కపెట్టి, జాబితా రాసి, కింద సంతకం పెట్టి అప్పగించాను. పదకొండేళ్ళు చేసిన పని ఇక చేయలేను. కారణం నా ఎడమ చెవి. దాని గురించి తర్వాత రాస్తాను.

నేను పనిచేసింది సౌదీలోని హుఫూఫ్‌లో, వేట సామాన్లు అమ్మే ఒక దుకాణం వెనకాల ఉన్న తుపాకీ మరమ్మతు వర్క్‌షాప్‌లో. మాది జగిత్యాల జిల్లా. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి ఫిట్టర్ వీసా మీద వచ్చాను. ఫిట్టరంటే పంపులూ కంప్రెసర్లూ ఉంటాయనుకున్నాను. దిగిన మూడో రోజు మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, నా ముందు ఒక పాత రైఫిల్ పెట్టి, దీని బోల్టు, అంటే గుండును లోపలికి నెట్టి మూసే గడియ, ఎందుకు బిగుసుకుంటోందో చూడమన్నాడు. చూశాను. ఆ చూడటం పదకొండేళ్ళు సాగింది.

ఈమధ్య మా వైపు నుంచి ఇద్దరు డిప్లొమావాళ్ళు ఈ పనిలోకి వస్తూ నాకు ఫోన్ చేశారు. జీతం, ఇకామా అనే నివాస పర్మిట్, గది, తిండి, సెలవు, అన్నీ అడిగారు. తుపాకీ గురించి ఒక్క మాట అడగలేదు. వాళ్ళ తప్పేమీ లేదు, వచ్చేటప్పుడు నేనూ అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ఒక తప్పు గురించి. ఒక పెద్దాయన, చూపు పూర్తిగా పోకముందే తన సొంత రైఫిల్‌తో ఇంకొక్కసారి గురి చూడాలనుకున్నాడు. నా వల్ల అది జరగకుండా పోయేదే. నిర్లక్ష్యం వల్ల కాదు, నా పనితనం వల్ల.

పని ఏమిటంటే

ఊళ్ళో ఈ ఉద్యోగం గురించి చెబితే మా మేనమామ గొంతు తగ్గించి, "సౌదీల తుపాకుల పనా? ఎవ్వలకు చెప్పకు" అన్నాడు. నిజానికి నేను చూసిన వర్క్‌షాపులన్నిటిలో కాగితాలు ఎక్కువ ఉన్నది ఇక్కడే. దుకాణానికి లైసెన్స్, తుపాకీకి లైసెన్స్, దాని యజమానికి లైసెన్స్. లోపలికి వచ్చిన ప్రతి తుపాకీ నంబరూ పుస్తకంలోకి ఎక్కాలి, బయటికి వెళ్ళేటప్పుడు అదే వరుసలో సంతకం పడాలి.

వచ్చేవి చాలామటుకు తాతల నాటి రైఫిళ్ళు. వేలాది మైళ్ళ అవతల ఏదో సైన్యం కోసం తయారై, చేతులు మారి మారి ఈ ఎడారికి చేరినవి. పెళ్ళిళ్ళలో భుజాన వేసుకొని నిలబడటానికి కొన్ని, రేంజిలో గురి చూసి కాల్చడానికి కొన్ని, గోడకు వేలాడదీయడానికి చాలా. ఏది ఎందుకు వచ్చిందో తెలుసుకోవడం నాకు మొదటినుంచీ సరదా. ఒకదాని మడమకు, అంటే భుజానికి ఆనే చివరకు, కొట్టిన రేకు తీస్తే లోపల ఎవరో దాచుకున్న సూది, దారం కనిపించాయి. ఇంకొకదాని గొట్టం లోపల గూడు కట్టిన కందిరీగ.

ఒక నియమం ముందే చెప్పాలి. విదేశీయులం మేము తుపాకీ పేల్చకూడదు. బాగుచేసినదాన్ని ఊరిబయట రేంజికి తీసుకెళ్ళి దాని యజమానో మా కఫీలో పేలుస్తారు. నేను పక్కన నిలబడి రాసుకుంటాను. అలా పదకొండేళ్ళలో ఒక్క గుండూ పేల్చలేదు. చాలాకాలం అది నాకు లోటుగా తోచలేదు. పంపు బాగుచేసేవాడు ఆ నీళ్ళు తాగి చూడాలా అని వాదించేవాణ్ణి.

వర్క్‌షాప్‌లో మేము ముగ్గురం. కఫీల్ అబూ నాసిర్, అరవైకి దగ్గరపడినవాడు, ఉర్దూ మనకంటే బాగా మాట్లాడతాడు. మా మధ్య మాటలన్నీ ఆ భాషలోనే. రెండోవాడు గంగారామన్న. నిర్మల్ దగ్గరి వడ్రంగి. సెంట్రింగ్ పనికని సౌదీ వచ్చి, ఒకసారి అబూ నాసిర్ ఇంటి తలుపు బాగుచేసి, అక్కడినుంచి ఇక్కడికి తేలాడు. రైఫిల్‌కు వెనకవైపు భుజానికి ఆనించుకునే చెక్క భాగాన్ని స్టాక్ అంటారు. గంగారామన్నకు అది ఎప్పుడూ "కట్టె". నేనూ అలాగే రాస్తాను. కట్టె ఆయనది, ఇనుము నాది.

తోక జాబితా

మొదటి ఏడాది నేర్చుకున్నది ఇది: పాత రైఫిల్ మీద ఒక్క పని అనేది ఉండదు.

ఒకాయన తన తాతగారి రైఫిల్‌కు దూర్బీన్ బిగించమన్నాడు. రెండు రింగులు, నాలుగు మరలు. సాయంత్రానికి ఇచ్చేస్తానన్నాను. ఆ తర్వాత జరిగింది వరుసగా రాస్తాను.

1. దూర్బీన్ బిగించాక బోల్టు పిడి పైకి లేవలేదు, దూర్బీన్‌కు తగిలింది. పిడి వంపు మార్చాం.
2. సేఫ్టీ మీట కూడా తగిలింది. దాన్నీ మార్చాం.
3. దూర్బీన్ ఎత్తుగా ఉంది కనుక చెంప కట్టెకు ఆనలేదు. గంగారామన్న కట్టె మీద చెక్క అతికి ఎత్తు పెంచాడు.
4. ఎత్తు పెంచాక బోల్టు వెనక్కి లాగితే ఆ చెక్కకే తగిలింది. అక్కడ గాడి తీశాం.
5. తాతగారి నాటి తోలు సంచిలో తుపాకీ ఇక పట్టలేదు.
6. లైసెన్స్ కాగితంలో రాసిన రూపానికీ దీనికీ పొంతన పోయింది. మళ్ళీ చూపించి, మళ్ళీ రాయించుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం అన్నది ఏడు వారాలైంది. ఆయన వచ్చి తుపాకీని చేతుల్లోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి, ఇది మా తాతదేనా అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నంబరు చూపించాక నమ్మాడు. ఆ ప్రశ్నను ఏడో అంశంగా రాసుకున్నాను.

అప్పటినుంచి తోక జాబితా అని ఒక పుస్తకం పెట్టాను. ఏ పనికి ఏ తోక ఉంటుందో అందులో ఉంటుంది. ట్రిగ్గర్ తేలిక చేస్తే దాని తోక, గొట్టం పొట్టి చేస్తే దాని తోక, పాత ఇనుము మీది గోధుమరంగు పొరను తుప్పనుకొని తోమేస్తే దాని తోక. ఈ చివరిది అన్నిటికంటే పొడవు, ఎందుకంటే ఆ పొర కిందే పాత అక్షరాలుంటాయి, తోమినవాడు వాటినీ తోమేస్తాడు. కస్టమర్ ఏదన్నా అడగగానే పుస్తకం తీసి తోక చదివేవాణ్ణి. సగంమంది మనసు మార్చుకొని తుపాకీని ఉన్నదున్నట్టు తీసుకెళ్ళేవారు. వాళ్ళను పోనివ్వండి. ఈ పనిలో మనం చేసే మంచిలో సగం, చేయకుండా వదిలేసినదే.

అయిదేళ్ళలో పుస్తకం ముప్పై పేజీలకు పెరిగింది. ఇక నాకు తెలియని తోక లేదనుకున్నాను.

మూడు కప్పుల గహ్వా

అబూ నాసిర్‌కు ఒక పద్ధతి ఉండేది. ఎవరు తుపాకీ తెచ్చినా ముందు దాన్ని తీసి బల్ల మీద పడుకోబెట్టేవాడు. తర్వాత మనిషిని కూర్చోబెట్టి గహ్వా, అంటే అరబ్బు కాఫీ, పోసేవాడు. చిన్న కప్పులు, అడుగున కాస్తే పోస్తారు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఊపనంతసేపూ పోస్తూనే ఉంటారు. ఆ కప్పు ఊపేదాకా అబూ నాసిర్ తుపాకీ మాటెత్తడు. తోట ఎలా ఉంది, ఈసారి ఖర్జూరం ఎలా కాసింది, నాన్న మోకాలు ఎలా ఉంది, తమ్ముడు ఎక్కడ చదువుతున్నాడు, అన్నీ అడుగుతాడు.

నా లెక్కలో ఇది మనిషికి నలభై నిమిషాల వృథా. ఆ మాట ఆయనతో అనేశాను కూడా. ఆయన నన్ను ఎప్పుడూ ముహందిస్ అనేవాడు, అంటే ఇంజినీర్ అని. సగం గౌరవం, సగం ఆటపట్టించడం. "ముహందిస్, తుపాకీ రెండు ముక్కలు. ఒకటి బల్ల మీదుంది. రెండోది గహ్వా తాగుతోంది" అన్నాడు.

బాగుందని నవ్వాను. రాసుకోలేదు. నేను రాసుకోని కొద్ది విషయాల్లో అదొకటి.

వంకర కట్టె

నేను పనిలో చేరిన ఆరో ఏట, చలికాలం మొదట్లో, అబూ నాసిర్ మక్కాకు ఉమ్రా యాత్రకు వెళ్ళాడు. పది రోజులు దుకాణం నా మీద పెట్టాడు. అప్పుడే ఫహద్ వచ్చాడు. దమ్మామ్‌లో ఆఫీసు ఉద్యోగం చేసే నెమ్మదైన మనిషి, నా ఈడువాడు. వాళ్ళ నాన్న రైఫిల్ తెచ్చాడు. కట్టె మెడ దగ్గర, అంటే చేత్తో పట్టుకునే సన్నటి చోట, నిలువునా పగిలింది. వచ్చే నెల చివరి శుక్రవారం వాళ్ళ బంధువులందరూ రేంజిలో కలుస్తారట, ఏటా ఉండేదేనట, నాన్న నాలుగేళ్ళుగా వెళ్ళలేదు, ఈసారి వెళ్ళాలంటున్నాడు. అంతా సరిచేసి, కొత్తదానిలా ఇవ్వమన్నాడు.

గహ్వా పోయలేదు. నంబరు రాసుకొని, కాగితాలు చూసి, పది నిమిషాల్లో పంపేశాను. నన్ను నేనే మెచ్చుకున్నాను.

తర్వాత రైఫిల్‌ను స్టాండులో బిగించి చూస్తే ముచ్చటేసింది. ఇలాంటిది నేనెన్నడూ చూడలేదు. కట్టె మెడ దగ్గర మొదలై మడమ దాకా కుడివైపుకు వంగిపోయి ఉంది. గొట్టానికి తిన్నగా దారం కట్టి కొలిచాను. మడమ దగ్గర నలభై ఒక్క మిల్లీమీటర్లు. ఇంత వంకరతో ఒక రైఫిల్ ఎలా బతికింది? ఆ రోజు మిగతా పనులు పక్కనపెట్టి, ప్రతి ఇరవై అయిదు మిల్లీమీటర్లకూ పక్కకు ఎంత పోయిందో, కిందికి ఎంత దిగిందో, ఎంత మెలి తిరిగిందో కొలిచి కార్డులో ఎక్కించాను. మొత్తం పద్నాలుగు వరుసలు. మా జాబ్ కార్డులో కస్టమర్ పేరు కింద పెద్ద గడి ఒకటుంటుంది, దాని పేరు లోపాలు. కార్డు నమూనా తయారుచేసింది నేనే. పద్నాలుగు వరుసలూ ఆ గడిలోనే రాశాను.

కారణం కూడా నేనే కనిపెట్టాను. ఏళ్ళ తరబడి ఏ ట్రక్కులోనో బరువు కింద అడ్డంగా పడి ఉండి, ఎండకు వంగిపోయిందని. ఆ సంగతి కూడా కార్డులో రాశాను.

గంగారామన్న కట్టెను చేతిలోకి తీసుకొని బొటనవేలితో మెడ మీద రాసి చూశాడు. "తమ్మీ, ఇది ఎండకు వంగిన కట్టె గాదు. ఎవడో వేడి జేసి, నిమ్మళంగ వంచిండు."

"ఎందుకు వంచుతరన్నా?"

"నాకేం ఎరుక. గని మెడ కింది ఈ ఇనుప పట్టీ సూడు, కట్టెతోని పాటు అదిగూడ వంగింది. దీని మీద సుత్తె దెబ్బలున్నయ్. ఎండకు ఇనుము వంగుతదా?"

నేను వంగి చూశాను. దెబ్బలు ఉన్నాయి. చిన్నవి, వరుసగా, ఒకే దూరంలో. వంకర కట్టెకు పట్టీ బిగించడానికి ఎవడో మొరటుగా కొట్టి ఉంటాడని చెప్పి, అదీ లోపాల గడిలో పద్నాలుగో వరుస పక్కన రాశాను. గంగారామన్న కట్టెను బల్ల మీద పెట్టేశాడు. ఆయన ఎప్పుడూ రెండోసారి చెప్పడు.

నాకు కుతూహలం తక్కువ కాదు. ప్రశ్న బాగానే వేశాను. జవాబు కూడా నేనే చెప్పేసుకోవడం దగ్గర తప్పు జరిగింది.

కొత్త కట్టె అక్రోట్ చెక్కతో చేశాం. తిన్నగా, కొలత తప్పకుండా. పట్టీని నేను తిన్నగా కొట్టాను. గంగారామన్న పన్నెండు పూతల నూనె పెట్టాడు. పాత కట్టె కావాలా అని ఫహద్‌ను ఫోన్‌లో అడిగితే అక్కర్లేదన్నాడు. పాత అక్రోట్ చెక్క మా దగ్గర వృథా పోదు. వేరే రైఫిళ్ళ పగుళ్ళకు అతుకు వేయడానికి అంతకంటే మంచి చెక్క దొరకదు. కోసేశాం.

"నా కట్టె ఏది?"

తీసుకోవడానికి పెద్దాయనే వచ్చాడు, కొడుకుతో. అందరూ ఆయన్ను అబూ ఫహద్ అంటారు. పొడవాటి మనిషి, తెల్ల గడ్డం, నల్లద్దాలు. అబూ నాసిర్ అప్పటికి తిరిగొచ్చాడు. గహ్వా పోయబోతే పెద్దాయన ముందు తుపాకీ చూస్తానన్నాడు.

కుడి భుజానికి ఆనించాడు. తల వంచాడు. ఇంకా వంచాడు. మెడ అంతకంటే వంగక దించేశాడు. మళ్ళీ ఎత్తాడు. మూడుసార్లు. తర్వాత దాన్ని బల్ల మీద జాగ్రత్తగా పెట్టి అరబ్బీలో ఏదో అడిగాడు. ఆ మాత్రం అరబ్బీ నాకూ అర్థమైంది. నా కట్టె ఏది అని.

నేను కార్డు తెచ్చాను. నలభై ఒక్క మిల్లీమీటర్ల వంకరను సున్నాకు తెచ్చానని అబూ నాసిర్‌కు ఉర్దూలో వివరించాను. అతను అనువదిస్తూ అనువదిస్తూ మధ్యలో ఆగిపోయాడు. పెద్దాయన నల్లద్దాలు తీశాడు. కుడి కన్ను తెల్లగా, పాలు పోసినట్టుగా ఉంది.

అప్పుడు ఆయన అన్నది అబూ నాసిర్ నాకు ఒక్కో మాటగా చెప్పాడు. "నా కన్ను ఎక్కడుందో ఆ కట్టెకు తెలుసు. దీనికి తెలియదు."

గురి చూడాలంటే సైటు, అంటే గొట్టం మీది గురి గుర్తు, కంటి ముందుకు రావాలి. కుడి భుజం మీద పెట్టే తుపాకీ కుడి కంటి ముందుకు వస్తుంది. ఆయనకు మిగిలింది ఎడమ కన్ను. ఆ నలభై ఒక్క మిల్లీమీటర్లు గొట్టాన్ని ముఖం అడ్డంగా ఎడమ కంటివైపుకు జరిపేవి, మిగతాది ఆయన తల వంచి అందుకునేవాడు. వంకరంతా అందుకోసమే. నేను కొలిచిన ప్రతి అంకె ఎవరో ఆలోచించి పెట్టినది.

ఫహద్ ముఖం చూడలేకపోయాను. అతను తుపాకీ పట్టినవాడు కాదు, నాన్న కన్ను సంగతి తెలుసు కానీ కట్టె వంపుకూ దానికీ సంబంధం అతనికీ తట్టలేదు. నన్ను పక్కకు తీసుకెళ్ళి, ఎడమ కన్ను కూడా మసకబారుతోందని, వచ్చే చలికాలానికి దాని మీద ఆశ పెట్టుకోవద్దని డాక్టర్ చెప్పాడని అన్నాడు. అందుకే నాలుగేళ్ళ తర్వాత నాన్న ఈసారి వెళ్ళాలన్నాడట.

ఇది నాకు ముందు చెప్పలేదేమని అడగబోయి ఆగాను. అడగాల్సింది నేను. గహ్వా పోసి ఉంటే రెండో కప్పులో బయటపడే సంగతి.

పెద్దాయన కోప్పడలేదు. పాత చెక్క ఉంటే తెచ్చి బిగించండి, పగిలినా ఫర్వాలేదు, తాడు చుట్టుకుంటానన్నాడు. పాత చెక్క ఏడు ముక్కలైంది. అందులో నాలుగు వేరేవాళ్ళ రైఫిళ్ళలో అతుకులై ఇళ్ళకు వెళ్ళిపోయాయి. ఈ మాట అనువదించడానికి అబూ నాసిర్ చాలాసేపు తీసుకున్నాడు.

శుక్రవారానికి పంతొమ్మిది రోజులుంది.

నీలం చెంప

వాళ్ళు వెళ్ళాక అబూ నాసిర్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి. ఆ వంపు ఎలా ఉండేదో గుర్తుందా అని గంగారామన్నను అడిగాడు. చేతికి గుర్తుంది గానీ చేతి గుర్తుతో అంత పని చేయలేనన్నాడు గంగారామన్న. తర్వాత నా వైపు తిరిగి, "తమ్మీ, నువ్వు గా కార్డుల ఏమేమో రాసినవ్ గద" అన్నాడు.

పద్నాలుగు వరుసలు. లోపాల గడి.

ఆ వంపుకు సంబంధించి ప్రపంచంలో మిగిలిన ఆధారం ఆ కార్డు ఒక్కటే. నేను దాన్ని తప్పుల జాబితాగా రాసుకున్నాను. ఇప్పుడు అదే మాకు నక్షా. అంకెలు చూసి ఇనుప ఫ్రేమొకటి చేశాను. గంగారామన్న చెక్కను నూనెలో వేడిచేసి దాని మీద వంచాడు. మొదటి చెక్క అయిదో రోజున మెడ దగ్గర చీలింది. రెండోదాన్ని కొంత చెక్కి, కొంత వంచి సాధించాం. పట్టీని మళ్ళీ వంచేటప్పుడు పాత సుత్తె దెబ్బల మీదే నా సుత్తె వేశాను. అవి మొరటువి కావు. ఎక్కడ కొట్టాలో చూపించే గుర్తుల్లా ఉన్నాయి.

పదమూడో రోజు కట్టె తయారైంది. ప్రతి వరుసా కార్డుతో సరిపోయింది. స్టాండులో బిగించబోతుంటే గంగారామన్న చేయి అడ్డం పెట్టాడు.

"ఆరేండ్ల సంది తుపాకులు బాగుచేస్తున్నవ్. ఒక్కనాడన్న భుజానికి పెట్టుకున్నవా?"

"మనం పేల్చద్దు గదన్నా."

"పేల్చమన్ననా? పెట్టుకొని సూడుమన్న. నేనైతే ప్రతిదీ పెట్టుకుంట. లేకుంటే కట్టె మంచిగొచ్చిందో లేదో నాకెట్ల తెలుస్తది, నీ దారం చెప్తదా?"

ఖాళీ తుపాకీ. మరొకసారి ఖాళీయేనని చూసుకొని కుడి భుజానికి ఆనించాను. అలవాటు లేక కాస్త బెదురుగా ఉంది. కుడి కంటికి గోడ తప్ప ఏమీ కనిపించలేదు. ఆ కన్ను మూసి, తల కొద్దిగా వంచాను. ఎడమ కంటి ముందు సైటు తనంత తానే వచ్చి నిలబడింది. ఎవరో కుర్చీ జరిపి ఇక్కడ కూర్చోమన్నట్టుగా. చాలాసేపు అలాగే నిలబడ్డాను. ఇంకొకరి ముఖంలోనుంచి చూస్తున్నట్టనిపించింది.

మరునాడు పెద్దాయన్ను పిలిచాం. ఈసారి అబూ నాసిర్ ముందు కూర్చోబెట్టి గహ్వా పోశాడు. ఈసారి నేనూ కూర్చున్నాను. కన్ను ఖర్జూర తోటలో పోయిందట. పాత మట్టలు నరుకుతుంటే ముల్లు దిగిందట. ఎడమ భుజానికి మార్చుకోవాలని ఏడాది ప్రయత్నించి, చెయ్యి వినక వదిలేశాడట. అప్పుడు హుఫూఫ్ పాత బజారులో ఒక కమ్మరి ఉండేవాడు, ఇప్పుడు లేడు. అతను ఈయన్ని రెండు రోజులు దుకాణం గుమ్మంలో కూర్చోబెట్టి, ఎదురుగోడకు ఒక మేకు కొట్టి, మేకు కనబడిందా, ఇప్పుడు కనబడిందా అని అడుగుతూ కొంచెం కొంచెంగా వంచాడట. కొలబద్ద లేదు. మేకు ఒక్కటే.

తుపాకీ భుజానికెత్తితే దాదాపు సరిపోయింది. దాదాపు. కార్డులో ఉన్నది కమ్మరి వంచిననాటి ఆయన మెడకు సరిపోయే కొలత. ఈ మధ్యకాలంలో ఆయన మెడ బిగుసుకుంది, అంతకుముందులా వంగడం లేదు. కాబట్టి మేమూ ఎదురుగోడకు మేకు కొట్టాం. చెంప ఎక్కడ ఒత్తుకుంటోందో తెలియడానికి ఫిట్టర్లు వాడే నీలం రంగు నేను కట్టె మీద పూశాను. ఆయన ఎత్తుతాడు, దించుతాడు, గంగారామన్న రంగు అంటుకున్నచోట గీరుతాడు. మళ్ళీ పూత, మళ్ళీ ఎత్తడం. గంట తర్వాత పెద్దాయన సగం గడ్డం నీలమైంది. ఫహద్ ఫోటో తీసి చూపించాడు. పెద్దాయన అద్దాలు సర్దుకొని చూసుకొని, ఇలాగే ఇంటికి వెళ్తే మీ అమ్మ నన్ను గుర్తుపట్టదన్నాడు. గంగారామన్నకు అరబ్బీ రాదు, అయినా అందరికంటే ముందు నవ్వింది ఆయనే.

ఇరవై రెండోసారి ఎత్తినప్పుడు పెద్దాయన కదల్లేదు. మేకు వైపే చూస్తూ ఉన్నాడు. దించి, కప్పు తీసుకొని, అటూ ఇటూ ఊపి అబూ నాసిర్‌కు ఇచ్చాడు.

శుక్రవారం

రేంజిలో బంధువులు చాలామంది ఉన్నారు. ఇనుప రేకుల మీద గురి. పెద్దాయనకు అయిదు గుండ్లు. నేను ఎప్పటిలాగే వెనక, పక్కగా, కార్డు పట్టుకొని నిలబడ్డాను.

మొదటిది తప్పింది. ఫహద్ నేలకేసి చూశాడు. పెద్దాయన తొందరపడలేదు. అద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నాడు. రెండోదానికి రేకు ఖంగుమంది. మూడోదానికీ, నాలుగోదానికీ, అయిదోదానికీ.

ఎవరూ కేకలు వేయలేదు. ఒక ముసలాయన వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, అంతే.

తర్వాత పెద్దాయన మా దగ్గరికి వచ్చి, పాత కట్టె లేకుండా నా కన్ను ఎక్కడుందో మీకెలా తెలిసిందని అడిగాడు. నేను కార్డు చూపించాను. అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసి, పైన రాసి ఉన్న మాట ఏమిటన్నాడు. అబూ నాసిర్ నా వైపు చూశాడు. చెప్పమన్నట్టు తలూపాను. చెప్పాడు. లోపాలు.

పెద్దాయన నా జేబులోని పెన్ను తీసుకున్నాడు. ఆ మాటను ఒక్క గీతతో కొట్టేసి, దాని పైన అరబ్బీలో తన పేరు రాశాడు. కార్డు మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. కార్డులు ఫైలు దాటి బయటికి పోకూడదని రూలు పెట్టింది నేనే. పెన్ను ఒక్కటే తిరిగి తీసుకున్నాను.

చెవి

రేంజిలో చప్పుడు ఆపడానికి చెవులకు కప్పులు పెట్టుకుంటాం. నేనూ పెట్టుకునేవాణ్ణి. కానీ పేలుడుకూ పేలుడుకూ మధ్య అబూ నాసిర్ చెప్పే అంకెలు వినడానికి ఎడమ చెవి కప్పును పక్కకు జరిపేవాణ్ణి. తిరిగి పెట్టుకునేలోగా కొన్నిసార్లు ఇంకొకటి పేలేది. తోక జాబితా ముప్పై పేజీల్లో ఈ తోక లేదు.

పోయిన ఏడాది గంగారామన్న ఒక రైఫిల్ స్ప్రింగు పడిన చప్పుడు విన్నావా అన్నాడు. వినలేదు. డాక్టర్ వినికిడి పరీక్ష చేసి గీసిచ్చిన గీత మొదట తిన్నగా వెళ్ళి, సన్నని చప్పుళ్ళ దగ్గర కిందికి పడిపోయింది. ఇనుము ఇనుముకు తగిలే చప్పుడు సరిగ్గా అక్కడే ఉంటుంది. ఈ పనిలో చేతులెంత ముఖ్యమో చెవులూ అంతే. బోల్టు మూసుకునే చప్పుడు తేడా పట్టలేనివాడు ఇంకొకరి ముఖం దగ్గర పెట్టే వస్తువును బాగుచేయకూడదు. అందుకే మానేశాను. వచ్చే నెల ఖఫ్జీలో, వాల్వులకు కొలత పరీక్ష చేసే పనిలో చేరుతున్నాను. అక్కడ కళ్ళు చాలట.

ఆ శుక్రవారం రేకు నాలుగుసార్లు మోగడం రెండు చెవులతోనూ విన్నాను. అది మాత్రం బాగా గుర్తుంది.

ఇక ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు. తోక జాబితా పుస్తకం బెంచి రెండో సొరుగులో ఉంది, వాడుకోండి. చెవి కప్పు తీయకండి. తుపాకీ ఖాళీయో కాదో రెండుసార్లు చూసుకొని, ప్రతిదాన్నీ ఒకసారి భుజానికి పెట్టుకోండి. వింతగా ఏది కనిపించినా కొలిచి రాసుకోండి, ఎందుకో మాత్రం మీరే తేల్చకండి, గహ్వా తాగుతున్న మనిషిని అడగండి. కొత్తగా వేయించిన కార్డుల్లో ఆ గడికి పేరు తీసేశాను. ఖాళీ గడి, అంతే.

అప్పగింత రోజున కార్డులన్నీ నంబరు వరుసన లెక్కపెట్టాను. ఒకటి తగ్గింది. ఆ నంబరు ఎదురుగా కారణం రాయాలి. "పోలేదు. యజమాని దగ్గర ఉంది" అని రాసి సంతకం పెట్టాను.